పాత కెమెరా కోసం విజయనగరంలో ఎక్కడ వెతకాలి, ఏం చూసి కొనాలి?

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగంలో బదిలీ మీద ఈమధ్యే విజయనగరం వచ్చాను. మాది కడప వైపు. ఆదివారాలు ఊరంతా కాలినడకన తిరిగి చూస్తున్నాను. పది వేల రూపాయల లోపు ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా కొనుక్కోవాలని ఉంది కానీ, రీలు కెమెరా తీసుకోవాలో డిజిటల్ తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నాను. పాత కెమెరాలు అమ్మే దుకాణం ఇక్కడ ఒక్కటీ కనబడలేదు. హైదరాబాద్ వెళ్లి కొనుక్కోమని మిత్రులు అంటున్నారు. గంటస్తంభం వైపు ఒక స్టూడియో యజమాని మాత్రం తన పాత యాషికా ఎఫ్‌ఎక్స్-3 సూపర్ 2000ను 50 ఎం.ఎం. లెన్స్‌తో కలిపి నాలుగున్నర వేలకు ఇస్తానన్నారు. లెన్స్ లోపల సాలెపురుగు దారాల వంటివి కనిపిస్తున్నాయి. కెమెరాలో ఏదో రీలు కూడా ఉన్నట్టుంది. తీసుకోవచ్చా?

సమాధానం: మీకు దుకాణం కనబడకపోవడంలో వింతేమీ లేదు. ఈ ఊళ్లో పాత కెమెరాలు అంగళ్లలో ఉండవు, మనుషుల దగ్గర ఉంటాయి. పెళ్లిళ్ల ఫోటోలు తీసేవారు ఒకప్పుడు రీలు కెమెరాలతో పనిచేశారు, తరువాత డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌లకు మారారు, ఇప్పుడు మిర్రర్‌లెస్ కెమెరాలు కొంటున్నారు. మారిన ప్రతిసారీ అంతకు ముందువి స్టూడియోలో వెనక గదిలోని అద్దాల బీరువాలోకి చేరాయి. కాబట్టి గంటస్తంభం దగ్గర మీకు ఎదురైన ఆ ప్రతిపాదనను అరుదైన అదృష్టంగా భావించి తొందరపడకండి. కోట జంక్షన్ నుంచి మూడు లాంతర్ల వరకు, అక్కడి నుంచి రైల్వే స్టేషన్ వైపు మీరు ఎలాగూ నడుస్తూనే ఉన్నారు కనుక, ఆ నడకలోనే బోర్డు వెలిసిపోయిన పాత స్టూడియోలను గుర్తుపెట్టుకుంటూ పొండి. మెరిసే కొత్త స్టూడియోల కంటే, కిటికీలో ఎప్పుడో తీసిన పెళ్లికూతురి ఫోటో రంగు వెలిసి నీలంగా మారినా తీసివేయని స్టూడియోలోనే మీకు కావలసిన వస్తువు ఉండే అవకాశం ఎక్కువ.

అడిగే పద్ధతి ముఖ్యం. లోపలికి వెళ్లగానే “పాత కెమెరా అమ్ముతారా, ఎంత?” అని అడిగితే, ఆ క్షణం వరకు అమ్మే ఆలోచనే లేని మనిషి కూడా దానికి ఒక పెద్ద ధర ఊహించుకుంటాడు. ముందు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు తీయించుకోండి. బ్యాంకు ఉద్యోగికి అవి ఎప్పుడైనా పనికొచ్చేవే. ప్రింట్లు వచ్చేలోగా “మాష్టారూ, రీళ్ల రోజుల్లో మీరు దేనితో తీసేవారండీ?” అని అడగండి. డార్క్ రూమ్‌లో నెగెటివ్‌లు కడిగిన తరం వారికి ఈ ప్రశ్న ఎంతో ఇష్టం. వారే బీరువా తాళం తీసి చూపిస్తారు. కొనే మాట ఆ రోజే ఎత్తవలసిన అవసరం లేదు, మరో ఆదివారం వెళ్లినప్పుడు ఎత్తవచ్చు. పంతుళ్ల పంచాంగం ఫోటోగ్రాఫర్లకూ పంచాంగమే అన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ముహూర్తాలు జోరుగా ఉన్న రోజుల్లో వారికి మాట్లాడే తీరిక ఉండదు, డబ్బు అవసరమూ ఉండదు. ఆషాఢంలోనో, భాద్రపదంలోనో, మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిన రోజుల్లోనో వెళ్తే తీరికగా మాట్లాడతారు, ధర దగ్గర కూడా పట్టుదలకు పోరు. దసరా తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముందు వారంలో మాత్రం ఈ పని పెట్టుకోకండి. అప్పుడు ఊళ్లో ఉన్న ప్రతి కెమెరా పనిలోనే ఉంటుంది.

స్టూడియోల తరువాత చూడవలసినవి ఇళ్లు. మీ శాఖలోని సహోద్యోగులకు, ఇంటి యజమానికి ఒక మాట చెప్పి ఉంచండి. బీరువా పై అరలోంచి యాషికా ఎంఎఫ్-2, కొడాక్ కేబీ-10, హాట్ షాట్, అగ్ఫా క్లిక్ త్రీ వంటివి బయటికి వస్తాయి. వీటిలో ఎంఎఫ్-2, కేబీ-10 ఇప్పటికీ దొరికే 35 ఎం.ఎం. రీలుతో పనిచేస్తాయి కానీ, ఫోకస్ మార్చుకునే వీలు లేని సాదా కెమెరాలు కనుక వాటికి వందల్లో ఇవ్వవచ్చునే తప్ప వేలల్లో ఇవ్వకూడదు. హాట్ షాట్‌కు కావలసిన 110 రకం రీలు దొరకడం కష్టం, ఊరికే ఇచ్చినా అలంకారానికే. క్లిక్ త్రీ మన దేశంలోనే తయారైనది. 120 రీలు మీద పన్నెండు చదరపు ఫోటోలు ఇస్తుంది, ఆ రీలు ఇంకా తయారవుతోంది. సరదాకు మంచిదే కానీ మొదటి కెమెరాగా వద్దు. పాత ఇనుప సామాన్ల కొట్లలో కనిపించే కెమెరాలు దాదాపుగా పాడైపోయి అక్కడికి చేరినవే కనుక వాటి మీద సమయం పెట్టకండి.

మరి హైదరాబాద్ సంగతి. కోఠిలోని గుజరాతీ గల్లీకి ఫోటో సామాను వ్యాపారంలో పాత పేరుంది. మీరు ఇప్పుడున్న ఊరు హౌరా-చెన్నై రైలు మార్గం మీద ఉంది కాబట్టి, ఎస్ప్లనేడ్ దగ్గరి మెట్రో గలీలో కెమెరా దుకాణాలు వరుసగా ఉన్న కోల్‌కతా కూడా మీకు దూరం కాదు. అక్కడ పదింటిని పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు, నిజమే. అయితే అక్కడ అమ్మేవాడు వ్యాపారి. దాని మరమ్మతు చరిత్ర అతనికి తెలియదు, తెలిసినా చెప్పడు. ఇక్కడి స్టూడియో యజమాని దానితో సొంతంగా ఇరవై ఏళ్లు పని చేసినవాడు. ఏ స్పీడులో తడబడుతుందో, ఎప్పుడు కింద పడిందో అతనికి తెలుసు. పైగా రేపు ఏదైనా తేడా వస్తే మళ్లీ ఎదురుపడవలసిన మనిషి. మొదటి కెమెరాకు నేను ఇక్కడి బేరానికే మొగ్గుతాను. పెద్ద ఊళ్ల ప్రయాణం రెండో లెన్స్ కోసం దాచుకోండి.

రీలా, డిజిటలా అన్నది లెక్క వేసుకుంటే తేలిపోతుంది. ఇవాళ ముప్పై ఆరు ఫోటోల కలర్ రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించుకునేసరికి ఖర్చు వెయ్యి రూపాయలు దాటుతుంది. అంటే మీట నొక్కిన ప్రతిసారీ దాదాపు ముప్పై రూపాయలు. ఊళ్లోని కలర్ ల్యాబ్‌లలో చాలావరకు రీలు కడిగే యంత్రాలను ఆపేశాయి కనుక, కొరియర్‌లో బయటి ఊరికి పంపవలసి రావచ్చు. నలుపు తెలుపు రీలును మాత్రం ఇంట్లోనే కడుక్కోవచ్చు. బొమ్మను తేల్చే డీ-76 వంటి డెవలపర్, దాన్ని నిలిపే హైపో, ఒక ట్యాంకు ఉంటే చాలు. అయితే ఆ డెవలపర్ వాడే పద్ధతి 20 డిగ్రీల సెల్సియస్ లెక్కన చెబుతారు, మన వేసవిలో కుళాయి నీరే ముప్పై దాటుతుంది కాబట్టి మందు సీసాను ఐసు వేసిన బేసిన్‌లో ఉంచి చల్లార్చుకోవాలి. నెలకు ఒక రీలుతో సరిపెట్టుకోగలిగితే, తీసిన వెంటనే చూసుకోవాలన్న ఆత్రం లేకపోతే, రీలు కెమెరా కొనండి. ఒకే ఆదివారం కోట గోడలు, సంత, చెరువు గట్టు కలిపి రెండు వందల ఫోటోలు తీసే స్వభావం మీదైతే డిజిటల్ తప్ప మరో దారి లేదు.

డిజిటల్ వైపు వెళ్తే చూడవలసినవి కొన్నే. పెళ్లిళ్లలో అరిగిన బాడీ, అంటే లెన్స్ కాక మిగతా కెమెరా, పైకి బాగానే కనిపిస్తుంది, లోపల వెలుతురును క్షణకాలం వదిలి మూసే తెర, అంటే షట్టర్, లక్ష సార్లకు మించి పనిచేసి ఉండవచ్చు. నికాన్ కెమెరాలైతే అప్పటికప్పుడు తీసిన జేపీజీ ఫైలులోనే ఆ లెక్క నమోదై ఉంటుంది కాబట్టి, మీ సొంత కార్డు పెట్టి ఒక ఫోటో తీసి తెచ్చుకుని కంప్యూటర్‌లో చూసుకోండి. లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, అంటే అపెర్చర్‌ను, 16కు మూసి తెల్లగోడను ఫోటో తీస్తే సెన్సర్ మీద దుమ్ము నల్ల చుక్కలుగా బయటపడుతుంది. దుమ్ము తుడిపించవచ్చు, గీతలు పోవు. ఇంకొకటి: డీ3100 వంటి చిన్న నికాన్ బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు, డీ90లో ఉంటుంది. స్టూడియోవారు చవగ్గా ఇచ్చే పాత ఏఎఫ్ (ఆటోఫోకస్) లెన్స్ మొదటిదానిమీద తనంతట తాను ఫోకస్ చేయదు. కొన్న తరువాత తెలుసుకుని బాధపడేవారిలో సగం మంది బాధ ఇదే.

రీలు కెమెరా పరీక్షకు మాత్రం కొంత ఓపిక కావాలి. పగటివేళ వెళ్లండి, చిన్న టార్చి వెంట తీసుకువెళ్లండి, సెల్‌ఫోన్ లైటు అయినా సరే. లెన్స్‌ను బాడీ నుంచి విప్పించి, అపెర్చర్‌ను పూర్తిగా తెరిచి, వెనక వైపు నుంచి లైటు ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. దుమ్ము కణాలు విడివిడి చుక్కలుగా మెరుస్తాయి, అవి ఎన్ని ఉన్నా భయం లేదు. ఒక అంచు నుంచి మొదలై కొమ్మలు వేస్తూ లోపలికి పాకిన సన్నని దారాలు కనిపిస్తే అది ఫంగస్. లైటు పడ్డప్పుడు గాజు అంతా పల్చని పొగమంచు పట్టినట్టుంటే లోపల నూనె ఆవిరి పేరుకుందని అర్థం. సముద్రం ఇంత దగ్గరగా ఉన్న జిల్లాలో, గాలిలో ఇంత తేమ ఉన్న చోట, బీరువాలో మూసిపెట్టిన లెన్స్‌కు ఫంగస్ పట్టకపోతేనే ఆశ్చర్యపోవాలి. మనవాళ్లు చేసే పొరపాటు ఏమిటంటే, జాగ్రత్త పేరుతో కెమెరాను దాని తోలు కేసులోనే పెట్టి, పక్కన నాలుగు కలరా ఉండలు వేసి దాచడం. తోలు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, కలరా ఉండలు పురుగులను ఆపుతాయే కాని తేమను ఆపవు. కేసు తెరవగానే ముక్కవాసన వచ్చిందంటే లెన్స్‌ను రెండింతలు జాగ్రత్తగా చూడండి. మీరు కొన్నాక ఆ కేసును వేరుగా ఉంచి, కెమెరాను గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టండి. సంచులు తేమ పీల్చి బరువెక్కితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు.

తరువాత షట్టర్. లోపల రీలు లేదని రూఢి చేసుకున్నాకే వెనక తలుపు తెరవాలి. తెరిచి, కెమెరాను ఆకాశం వైపు పెట్టి, ఒక సెకను దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క స్పీడులో మీట నొక్కుతూ వెనక నుంచి చూడండి. ఒక సెకను నిజంగా ఒక సెకనే ఉండాలి, సాగదీయకూడదు. ఒక్కో మెట్టు పైకి పోయినకొద్దీ వెలుగు కనిపించే సమయం తగ్గుతున్నట్టు మీకే తెలుస్తుంది. రెండు స్పీడులు ఒకేలా తోస్తే అనుమానించండి. వేగమైన స్పీడుల్లో ఫ్రేములో ఒక పక్క నల్లగా మిగిలిపోతే షట్టర్ రేకులు కలిసి కదలడం లేదని అర్థం. ఆ మరమ్మతు కెమెరా ధరను మించవచ్చు. లెన్స్‌లోని అపెర్చర్ రేకులు పొడిగా ఉండి టక్కున మూసుకోవాలి. వాటి మీద నూనె మెరుస్తూ నెమ్మదిగా కదిలితే ఫోటోలు అవసరానికి మించి తెల్లగా వస్తాయి.

తలుపు అంచుల గాడిలో ఉండే నల్లని స్పాంజి, వేలితో తాకితే జిగురుగా నల్లగా అంటుకుంటే దిగులుపడవద్దు. ఈ వయసు కెమెరాలన్నిటిలోనూ అది అలా కరిగిపోతుంది, చవకలో మార్పించుకోవచ్చు, ఇంట్లో మీరే అయినా అతికించుకోవచ్చు. అమ్మేవారికి దాన్ని చూపి బేరమాడడానికి మాత్రం పనికొస్తుంది. బ్యాటరీ గది మూత తిప్పి చూడండి. ఆకుపచ్చని పొడి కాస్త ఉంటే వెనిగర్‌లో ముంచిన దూదితో పోతుంది, తీగ లోపలికంతా పాకి ఉంటే వెలుతురు కొలిచే మీటరు మీద ఆశ వదులుకోవాలి. ఇంకా పాత కెమెరాల్లో కొన్నిటికి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలు కావాలి, అవి ఇప్పుడు అమ్మకంలో లేవు. వాటి స్థానంలో 1.5 వోల్టులవి వేస్తే మీటరు తప్పుడు లెక్క చూపిస్తుంది. అలాంటివి మొదటి కెమెరాగా వద్దు. బేరంలో భాగంగా పాత రీళ్ల డబ్బా ఏదైనా అంటగట్టబోతే, అందులో ఊటీ హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు రీలు ఉన్నా సరే, దానికి విడిగా డబ్బు ఇవ్వకండి. గడువు తీరి ఎన్నో ఏళ్లయిన రీలు జ్ఞాపకానికే తప్ప నమ్మకానికి పనికిరాదు.

కాగితం సంగతి ఒక్క మాటలో చెబుతాను. తెలిసిన స్టూడియోలో కొన్నా సరే, బాడీ నంబరు, లెన్స్ నంబరు, తేదీ, మొత్తం రాసి సంతకం చేసిన రసీదు తీసుకోండి. దొంగ సొత్తు అని తెలిసీ కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. తెలియక కొన్నానని చెప్పుకోవలసి వచ్చినప్పుడు మీ చేతిలో ఉండవలసింది ఆ రసీదే. రసీదు ఇవ్వడానికి వెనకాడేవారి దగ్గర ఎంత చవకైనా కొనకండి.

ఇక మీ యాషికా దగ్గరికి వద్దాం. ఎఫ్‌ఎక్స్-3 సూపర్ 2000 మొదటి కెమెరాగా నిజంగా మంచి ఎంపిక. 1986లో వచ్చిన ఈ మోడల్ షట్టర్ పూర్తిగా యంత్రం మీద నడుస్తుంది. చిన్న ఎల్‌ఆర్44 బటన్ బ్యాటరీలు రెండు మీటరు కోసమే తప్ప, అవి అయిపోయినా సెకనులో రెండు వేలవ వంతు వరకు అన్ని స్పీడులూ పనిచేస్తాయి. బాడీ మీద నల్లని తొడుగు పెచ్చులుగా ఊడుతుంటే అది ఈ మోడల్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బే, పనికి అడ్డం కాదు. కాస్త రెక్సిన్ కత్తిరించి అతికిస్తే సరిపోతుంది.

లోపల రీలు ఉన్నట్టుందన్నారు కదా. తలుపు తెరవకముందే, ఎడమ వైపు పైన ఉన్న చుట్టే పిడిని బాణం గుర్తు వైపు నెమ్మదిగా తిప్పండి. బిగువు తగిలితే రీలు ఉంది. అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి, బిగువు వదిలేదాకా ఆ పిడిని తిప్పితే రీలు తన డబ్బాలోకి వెళ్లిపోతుంది. అది స్టూడియోవారి పని కాబట్టి వారి ముందే తీసి వారికే ఇచ్చేయండి. ఎవరి పెళ్లో అందులో ఉండవచ్చు. కడిగించాలనుకుంటే, పాతబడిన కలర్ రీలును కలర్ మందుల్లో కంటే నలుపు తెలుపు మందుల్లో కడిగితే బొమ్మ నిలిచే అవకాశం ఎక్కువని వారికి చెప్పండి.

లెన్స్‌లో మీరు చూసిన దారాలు, మీ వర్ణనను బట్టి, ఫంగసే. అది అంచుల్లోనే ఉంటే ఫోటోల్లో పెద్దగా తెలియదు, ఎదురు వెలుతురులో మాత్రం తెల్లని తెర పడినట్టు కనిపిస్తుంది. మధ్యకు పాకి ఉంటే, విప్పి తుడిపించినా గాజు మీది పూతను అది తినేసి ఉండవచ్చు. కాబట్టి ఈ బేరంలో లెన్స్‌కు విలువ కట్టకండి, బాడీకి మాత్రమే కట్టండి. ఒక రీలు వేసి పరీక్షించుకునే వీలు అడగండి. కొంత బయానా ఇచ్చి, గంటస్తంభం గడియారం ముఖాన్ని ఫ్రేము మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో నాలుగుసార్లు, అపెర్చర్ మారుస్తూ తీయండి. కోట గోడను ఎదురుగా నిలబడి తీయండి. అంకెలు మూలల్లో చెదిరినా మధ్యలో స్పష్టంగా ఉంటే లెన్స్ వాడుకోవచ్చు. రీలు అంతటా ఎర్రని చారలు పడితే స్పాంజి మార్పించాలి. ఒక ఫ్రేమూ మరో ఫ్రేమూ ఒకదానిమీద ఒకటి ఎక్కితే రీలు ముందుకు లాగే యంత్రంలో లోపం ఉంది, అప్పుడు బయానా వెనక్కి తీసుకోండి.

షట్టర్, మీటరు, రీలు నడక మూడూ బాగుంటే నా లెక్క ప్రకారం రెండున్నర వేలు సరైన ధర, స్పాంజి ఖర్చు కలుపుకుని మూడు వేల లోపు ముగించండి. ఆ మాట చెప్పేముందు మరో ప్రశ్న అడగండి: అదే కాంటాక్స్-యాషికా మౌంట్‌కు, అంటే లెన్స్ బిగించే గాడికి, సరిపోయే 28 లేదా 135 ఎం.ఎం. లెన్స్ ఏదైనా వారి బీరువాలో ఉందా అని. పెళ్లిళ్లు తీసినవారు ఒకే లెన్స్‌తో బతికి ఉండరు. ఫంగస్ లేని లెన్స్ ఇంకొకటి కలిపి ఇస్తే ఆయన అడిగిన నాలుగున్నర వేలే ఇచ్చి తీసుకోండి. లేదంటే బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం వైపు స్టూడియోలు కూడా చూసి వచ్చాకే నిర్ణయించుకోండి.